యేసు ఇంటిపేరు ఏంటి, అమ్మమ్మా?

మా పాపకి తొమ్మిదేళ్లు. పుట్టింది, పెరుగుతోంది మెల్‌బోర్న్‌లో. డిసెంబరు సెలవులకి విశాఖ వెళ్లినప్పుడు, వన్ టౌన్‌లో మా అమ్మ వాళ్లింటి వరండాలో కూర్చుని ఒక మాట అడిగింది. “అమ్మమ్మా, యేసు వాళ్ల నాన్న పేరు యోసేపు క్రీస్తా?”

అమ్మ దాని తలకి కొబ్బరినూనె రాస్తోంది. చెయ్యి ఆగింది. “ఏటమ్మా, అలగడిగావు?”

పాప తప్పేమీ లేదు. బడి రిజిస్టరులో ప్రతి పిల్లకీ ముందు పేరు, వెనక ఇంటిపేరు. జీసస్ క్రైస్ట్ అని వింటూ పెరిగిన పిల్లకి క్రైస్ట్ ఇంటిపేరే. అమ్మకి ఆ అనుమానం వచ్చే వీలే లేదు, మన ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టి. “అలగైతే యేసు ఇంటిపేరు అవ్వాలి కదే,” అంది ఆలోచిస్తూ.

నాకు మాత్రం ఆ ప్రశ్న గుచ్చుకుంది. అక్కడ మేం వెళ్లేది ఇంగ్లీషు చర్చికి. మన బైబిల్లోని “చెప్పెను, కనుగొంటిమి” భాష పిల్లలకి కొరుకుడుపడదని నేనే తీర్మానించి, ఇద్దరికీ ఇంగ్లీషు బైబిళ్లు కొనిచ్చాను. ఇన్నేళ్ల సండే స్కూలు తర్వాత నా కూతురికి క్రీస్తు అంటే అర్థం తెలీదు.

అమ్మ చేతులు తుడుచుకుని యోహాను సువార్త మొదటి అధ్యాయం తీసింది. అంద్రెయ తన సహోదరుడు సీమోనుని వెతికి పట్టుకుని “మేము మెస్సీయను కనుగొంటిమి” అంటాడు. ఆ పక్కనే, “మెస్సీయ అను మాటకు అభిషిక్తుడని అర్థము” అని ఉంది. హీబ్రూలో మషియహ్, గ్రీకులో క్రిస్తోస్, తెలుగులో అభిషిక్తుడు. మూడూ ఒకటే. ఇంగ్లీషులో ‘క్రైస్ట్’ అన్నది గ్రీకు మాటే. అర్థం విప్పి చెప్పకపోతే వట్టి పేరులా వినిపిస్తుంది. తెలుగులో అర్థం మాటలోనే ఉంది.

“అభిషేకం అంటే శివుడికి పాలు పోస్తారు, అదా?” అంది పాప. అక్కడ స్నేహితురాలి వాళ్లతో శివ విష్ణు ఆలయానికి వెళ్లినప్పుడు చూసిందట. నేను కంగారుపడ్డాను. అమ్మ పడలేదు. “మాట అదేనమ్మా, పని వేరు. రాముడికి పట్టాభిషేకం చేశారని విన్నావా? దీనికి అది దగ్గర.”

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. సమూయేలు ప్రవక్త కొమ్ములో నూనె తీసుకుని బేత్లెహేముకి వెళ్లి, గొర్రెలు కాస్తున్న కడగొట్టు కొడుకు దావీదుని పిలిపించి అన్నల ఎదుట రాజుగా అభిషేకించాడు. యాజకుడైన అహరోను తలమీదా ఆ తైలం పోశారు. నిన్ను ఈ పనికి ప్రత్యేకించాం అని దాని అర్థం. యెషయా గ్రంథం 45వ అధ్యాయంలో పారసీక రాజు కోరెషుని కూడా దేవుడు తన అభిషిక్తుడంటాడు! పరాయి రాజు, యూదుడే కాదు. అయినా బబులోను చెరలో ఉన్నవాళ్లకి దారి తెరిచే పని అతనికి అప్పగించాడు. ఈ సంగతి పాపకి బాగా నచ్చింది. “అయితే అది జాబ్ పేరు” అంది. అవును. నజరేతు సమాజమందిరంలో యేసు చదివింది కూడా ఆ పని గురించే: బీదలకు సువార్త ప్రకటించడానికి ఆయన నన్ను అభిషేకించెను, అని.

మర్నాడు పాఠం చెప్పడం పాప వంతయింది. తన ఇంగ్లీషు బైబిల్ తెచ్చి, “అమ్మమ్మా, యేసే కాదు, యెహెజ్కేలు కూడా సన్ ఆఫ్ మ్యాన్!” అంది. అమ్మ నమ్మలేదు. తెలుగులో తీసి చూస్తే, ప్రవక్త యెహెజ్కేలుని దేవుడు పిలిచేది “నరపుత్రుడా” అని. సువార్తల్లో యేసు తన్ను తాను చెప్పుకునేది “మనుష్యకుమారుడు” అని. అరవై ఏళ్లుగా చదువుతున్న మా అమ్మకి గాని, నాకు గాని ఈ రెండూ ఒకే పిలుపని ఎన్నడూ తట్టలేదు. మన అనువాదంలో అవి వేర్వేరు మాటలుగా ఉండిపోయాయి.

యెహెజ్కేలు గ్రంథంలో 90 సార్లకు పైగా వచ్చే ఆ పిలుపుకి, నువ్వు మట్టిమనిషివి సుమా అని భావం. దానియేలు ఏడో అధ్యాయంలో మాత్రం మనుష్యకుమారుని పోలిన ఒకడు మేఘాలమీద వస్తాడు, నాశనం కాని రాజ్యం పొందుతాడు. ప్రధానయాజకుడి ముందు యేసు ఆ మేఘాల మాటే ఎత్తాడు. అది దైవదూషణ అంటూ ఆ యాజకుడు బట్టలు చించుకున్నది అందుకే. మట్టీ మేఘమూ రెండూ ఆ ఒక్క బిరుదులో ఉన్నాయి. అమ్మ ఎర్ర పెన్సిలుతో “నరపుత్రుడా” కింద గీత గీసి, పక్కన పాప పేరు రాసుకుంది.

యేసుకున్న ఇంకో బిరుదు “సమాధానకర్త” దగ్గర మళ్లీ ఆగాం. సమాధానం అంటే జవాబని దానికి నేర్పింది నేనే. “అన్ని ప్రశ్నలకీ ఆన్సర్ చెప్పేవాడా?” మన చర్చి తెలుగులో సమాధానం అంటే శాంతి, హీబ్రూలో షాలోమ్. పోట్లాడుకున్నవాళ్లు సమాధానపడ్డారు అంటాం కదా, అదీ అని చెప్పాను.

ఒక సాయంత్రం రాస్ హిల్ ఎక్కి హార్బరు చూస్తూ పిల్లలిద్దరికీ ఇంకో కథ చెప్పాను. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో ఈ ఊరొచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లు ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణ క్రైస్తవుడితో కలిసి సువార్తలు తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. తర్వాత ఇక్కడే పనిచేసిన ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో అచ్చయింది. అమ్మమ్మ చేతిలో పుస్తకం వెనక ఇంతమంది బతుకులున్నాయి, అదీ ఈ ఊళ్లోనే. అలాంటిదాన్ని కష్టమని నేను పిల్లలకి దూరం చేశాను.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే వీడియో కాల్. మాకు పదిన్నర, అమ్మకి తెల్లవారుజాము ఐదు. వారానికో బిరుదు, రెండు బైబిళ్లూ ముందు పెట్టుకుని. మొన్నటి వంతు ప్రకటన గ్రంథం చివర వచ్చే “వేకువచుక్క”.

“చుక్క అంటే డాట్ కదా, అమ్మమ్మా?”

“ఉండు, చూపిస్తాను,” అని అమ్మ ఫోను పట్టుకుని మేడమెట్లు ఎక్కింది. చుక్క కెమెరాకి చిక్కలేదు. చీకట్లో హార్బరు దీపాలు మాత్రం కనిపించాయి. “ఇంకాస్త పైకెత్తు, అమ్మమ్మా,” అంటోంది పాప.