పూచీ మీద నిలిచిన ఊరు

నవంబరు 1, శనివారం. రాత్రి పదిన్నర.

ఫ్రాన్సులో ఈ రోజు సెలవు. పోయిన పెద్దలను తలుచుకునే రోజు కావడంతో పూలకొట్ల ముందు చామంతి కుండీలు వరసలు తీరి ఉన్నాయి. ఇక్కడివారు వాటిని కొని తీసుకువెళ్ళి సమాధుల దగ్గర పెడతారు. ఆ కుండీల మధ్య నుంచే నడుచుకుంటూ పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషన్‌కు చేరి, మూడేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన ప్రొవాన్ ప్రయాణానికి ఉదయం రైలెక్కాను. పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, గోధుమ పొలాలు పరుచుకున్న మైదానం మధ్య ఉన్న చిన్న పట్టణం అది. జనాభా పన్నెండు వేల లోపే ఉంటుంది. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చుకుంటూ, కోటల పట్టణమనో చర్చిల పట్టణమనో కాకుండా, మధ్యయుగపు సంతల పట్టణమని రాసుకుంది. ఆ మాట చదివిన రోజునే ఈ ఊరు చూడాలనిపించింది. వేటపాలెంలో పుట్టి, నాన్న బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి, సంత పేరు మీద గౌరవం దక్కిన ఊరంటే నాకు సొంత ఊరిలాగే అనిపించింది.

గంటన్నర ప్రయాణం తర్వాత దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. స్టేషన్ దిగువ ఊళ్ళో ఉంటుంది. కోట, పెద్ద చర్చి, ప్రాకారం ఎగువ ఊళ్ళో, గుట్ట మీద ఉంటాయి. దిగువన వూల్జీ, దుర్తాన్ అనే రెండు చిన్న ఏర్లు ఇళ్ళ వెనకనుంచి, వంతెనల కిందనుంచి పారుతున్నాయి. ఒకప్పుడు ఉన్ని ఉతికేవారు, రంగులు అద్దేవారు, తోళ్ళు పదును పెట్టేవారు ఆ నీళ్ళ ఒడ్డునే బతికారు. ఇప్పుడు ఆ నీళ్ళు తేటగా ఉన్నాయి, ఒడ్డున ఎవరూ లేరు. కాసేపు అక్కడే నిలబడి, తర్వాత తడిసిన ఆకుల మీద జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ పైకి ఎక్కాను.

12, 13 శతాబ్దాల్లో ఈ ప్రాంతమంతా షాంపేన్ ప్రభువుల ఏలుబడిలో ఉండేది. వారి అండన లాన్యీ, బార్ సూర్ ఓబ్, త్రువా, ప్రొవాన్ అనే నాలుగు పట్టణాల్లో ఏడాది పొడుగునా ఒకదాని తర్వాత ఒకటిగా ఆరు పెద్ద సంతలు జరిగేవి. వాటిలో రెండు ప్రొవాన్‌వి: మే నెల సంత ఎగువ ఊళ్ళో, సెప్టెంబరులో మొదలయ్యే సంత దిగువ ఊళ్ళో. సంత అంటే మన వారపు సంతలాగా పొద్దున పెట్టి పొద్దుగూకేసరికి ఎత్తేసేది కాదు, వారాల తరబడి సాగేది. మొదటి వారమంతా సరుకు దించుకోవడానికి, కొట్టు సర్దుకోవడానికి. ఆ తర్వాత బట్టలు అమ్మే రోజులు, తోళ్ళు అమ్మే రోజులు, కాటా వేసి అమ్మే సరుకుల రోజులు. అన్నీ అయ్యాక, చివరి రోజులు కేవలం లెక్కలు తీర్చుకోవడానికి. ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ నుంచి ఉన్ని బట్టలు వచ్చేవి. జెనోవా, సియెన్నా, లూకా వంటి ఇటలీ నగరాల వర్తకులు పట్టు, రంగులు, సుగంధ ద్రవ్యాలు తెచ్చేవారు. ఆ సుగంధ ద్రవ్యాల్లో మిరియాలు మన మలబారు తీరం నుంచి అరబ్బుల ఓడల్లో ఎర్ర సముద్రం దాకా, ఆపైన ఒంటెల మీద, నైలు నది పడవల్లో అలెగ్జాండ్రియాకు, అక్కడి నుంచి ఇటలీ ఓడల్లో మధ్యధరా దాటి, కంచరగాడిదల మీద ఆల్ప్స్ కొండలెక్కి ఇక్కడి కాటా మీదికి చేరేవి. అప్పటికి మిరపకాయ మన దేశానికీ రాలేదు, వీళ్ళకూ తెలియదు. మన వంటింట్లో కారమన్నా, వీళ్ళ వంటింట్లో కారమన్నా ఆ మిరియమే.

ఎగువ ఊళ్ళో షాతెల్ అనే పేరున్న కూడలి ఉంది. చుట్టూ కలప వాసాలు బయటికి కనిపించే పాత ఇళ్ళు, మధ్యలో ఒక బావి, దాని పక్కన రాతి శిలువ. డబ్బు మార్చే షరాబులు కూర్చునేది, ప్రభువుల ఆజ్ఞలు అతికించేది అక్కడే. ఆ శిలువ దగ్గర గొడుగు పట్టుకుని నిలబడినప్పుడు 1148 నాటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. ఆ ఏడు వెజలే ఊరి షరాబులు కొందరు ప్రొవాన్ సంతకు వస్తుంటే, సాన్స్ ప్రాంతపు చిన్న దొర కొడుకు ఒకడు దారికాచి వారి సొమ్ము దోచుకున్నాడు. అది జరిగిన చోటు షాంపేన్ సరిహద్దుకు అవతల, ఫ్రాన్సు రాజు నేల మీద. రాజు ఏడవ లూయీ అప్పుడు క్రూసేడు యుద్ధానికి వెళ్ళి ఉన్నాడు. రాజ్యభారం సూజేర్ అనే మఠాధిపతి చేతిలో ఉంది. షాంపేన్ ప్రభువు రెండవ తిబో ఆ మఠాధిపతికి ఉత్తరం రాస్తూ, ఈ అన్యాయాన్ని ఊరికే వదిలిపెట్టబోనని, ఇది తన సంతలను నాశనం చేయడమే తప్ప మరొకటి కాదని గట్టిగా చెప్పాడు. దోచుకున్న డబ్బు తనది కాదు, దోపిడీ జరిగిన నేల తనది కాదు, పోగొట్టుకున్నవారు తన ప్రజలు కారు. అయినా తన సంతకు బయలుదేరిన మనిషికి ఇంటి గడప దాటిన క్షణం నుంచి తానే పూచీ అనుకున్నాడు ఆ ప్రభువు. ప్రొవాన్‌ను నిలబెట్టింది ఆ పూచీయేనని నేను నమ్ముతున్నాను. గోడలు ఆ తర్వాత లేచాయి.

ఆ పూచీకి రెండో వైపు కూడా ఉండేది. సంతను కనిపెట్టుకుని ఉండడానికి ప్రభువు నియమించిన కాపరులు ఉండేవారు. సంతలో అప్పు చేసి తీర్చకుండా తన ఊరికి పారిపోయిన వర్తకుడి మీద ఆ ఊరి పెద్దలకు వారి నుంచి తాఖీదు వెళ్ళేది. ఆ పెద్దలు బాకీ ఇప్పించకపోతే, ఆ ఒక్కడినే కాదు, ఆ ఊరి వర్తకులందరినీ సంతకు రానిచ్చేవారు కారు. అందుకే ఊరు ఊరంతా తమవాడి మాటకు కాపలా కాసేది. "వాడి మాట చాలు, కాగితం ఎందుకు" అని మా కొట్లో చీరలు అరువిచ్చేటప్పుడు తాతయ్య అనేవారట. అలా అనగలగడం వెనక కూడా ఇలాంటి కట్టుబాటే ఏదో ఉండి ఉంటుందని ఇవాళ అనిపించింది.

ఇక్కడ మోటుపల్లి సంగతి రాసుకోకుండా ఉండలేను. మా ఊరి నుంచి సైకిలు మీద పోగలిగినంత దగ్గర్లో ఉన్న ఆ సముద్రతీర గ్రామంలో, వీరభద్రాలయం దగ్గర, కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకు ఓడ చెదిరి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని ఏనుగులను, గుర్రాలను, రత్నాలను, సరుకంతటినీ వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు ఆ రాతి మీద మాట ఇచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా అందులోనే చెక్కించాడు: చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టుదారం, పన్నీరు, మిరియాలు. ప్రొవాన్ సంతలు నిండుగా సాగుతున్న రోజులే అవి. ఆ రాజుకు ఈ ఊరి పేరు తెలియదు, ఈ ప్రభువులకు ఆ రేవు పేరు తెలియదు. అయినా పరాయివాడు నిర్భయంగా రాగలిగితేనే ఊరు బతుకుతుందని ఇద్దరూ ఒకే విధంగా గ్రహించారు. చిన్నప్పుడు బడి పిల్లలమంతా వెళ్ళి ఆ శాసనం చుట్టూ దాగుడుమూతలు ఆడుకున్నాం. అందులో ఏముందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ బాధ ఈ రోజు ఆ రాతి శిలువ పక్కన నిలబడినప్పుడు గట్టిగా కలిగింది.

కూడలి నుంచి సాన్ జాన్ ద్వారం వైపు వెళ్ళే వీధిలో దశమభాగపు కొట్టం అనే పాత రాతి కట్టడం ఉంది. రైతులు చర్చికి చెల్లించే పదోవంతు పంటను ఆ తర్వాతి కాలంలో అక్కడ నిలవ చేశారు కాబట్టి ఆ పేరు మిగిలింది కానీ, సంతల రోజుల్లో దాన్ని వర్తకులకు అద్దెకిచ్చేవారు. లావాటి స్తంభాల మీద నిలిచిన కమానుల కింద గది చల్లగా, మసక వెలుతురుతో ఉంది. స్తంభం మీద చెయ్యి పెట్టి చూశాను. నడుము ఎత్తు వరకు రాయి నున్నగా అరిగి ఉంది. మూటలు ఒరిగి, మనుషులు ఆనుకుని అరిగిందని మనసుకు అనిపించింది.

ఈ ఊరి కింద సొరంగాలు కూడా ఉన్నాయి. ఒక భాగాన్ని గైడు వెంట వెళ్ళి చూడవచ్చు. అక్కడి గోడల రాయి గోరుతో గీస్తే పొడి రాలేంత మెత్తన. అందులో కొంత భాగాన్ని ఉన్ని బట్టల జిడ్డు వదిలించే మట్టి కోసం తవ్వారని గైడు చెప్పినప్పుడు, వెంటనే అర్థమైంది: మన ఆడవాళ్ళు ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి జాతిదే అది. మగ్గం మీదినుంచి దిగిన ఉన్ని బట్టకు గొర్రె కొవ్వు, నేతగాళ్ళు రాసిన నూనె అంటుకుని ఉంటాయి. ఆ మట్టిని నీళ్ళలో కలిపి బట్టను తొక్కితే జిడ్డు మట్టికి పట్టి, నేత దగ్గరపడి, బట్ట గట్టిపడుతుంది. మా వైపు నూలుకు గంజి పెట్టి బిగువు తెస్తారు, వీళ్ళు ఉన్నికి మట్టి పెట్టి బిగువు తెచ్చారు. ఈ ఊరి నాణెం మీద కూడా దువ్వెనలాంటి గుర్తు ఉండేది. అది ఉన్ని దువ్వే దువ్వెనేనని కొందరంటారు. ఆ నాణేనికి ఎంత పరపతి ఉండేదంటే, 12వ శతాబ్దం చివర్లో రోము నగర సభ కూడా తన నాణేలను ఆ దువ్వెన గుర్తుతో, దాని నమూనాలోనే ముద్రించుకుంది.

అయితే ఆ బట్ట నేసినవారి బతుకు సుఖంగా సాగలేదు. 1280 ప్రాంతంలో పని గంటలు పెంచారని నేతపనివారు తిరగబడి ఊరి మేయరును చంపారు, ఆ తర్వాత అధికారులు వారిని చాలా కఠినంగా అణచివేశారు. వారసత్వం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా ప్రాకారాలంత పెద్దగా చెప్పాలి.

మధ్యాహ్నం సీజరు బురుజు ఎక్కాను. పేరులో సీజరు ఉన్నా, కట్టింది 12వ శతాబ్దంలో. దాని పైభాగం ఎనిమిది పలకలుగా ఉంటుంది. మెట్లు ఇరుకు, భుజాలు రెండు వైపులా గోడకు రాసుకున్నాయి. పైనుంచి చూస్తే సాన్ కిరియాస్ చర్చి ఆకారం బోధపడింది. 1160 ప్రాంతంలో మహా వైభవంగా మొదలుపెట్టిన ఆ చర్చి వెనక భాగం ఎంత పెద్దదో, ముందు భాగం అంత పొట్టిది. రెండు అంకణాల మేర కట్టి ఆపేసినట్టు కనిపిస్తుంది. డబ్బు చాలక అక్కడితో ఆగిపోయింది. నెత్తిమీద ఉన్న గుమ్మటం 17వ శతాబ్దంలో అగ్నిప్రమాదం తర్వాత పెట్టినది. 1429 ఆగస్టు 3న జోన్ ఆఫ్ ఆర్క్, ఏడవ షార్ల్ రాజుతో కలిసి ప్రార్థన విన్నది ఈ సగం చర్చిలోనే.

సంతలు ఎందుకు పోయాయో ఆ చర్చిని చూస్తుంటే తెలుస్తుంది. 1277 నుంచి జెనోవా ఓడలు జిబ్రాల్టర్ చుట్టి నేరుగా ఫ్లాండర్స్ తీరానికి వెళ్ళసాగాయి. ఇటలీ వర్తకులు సరుకు వెంట తాము రావడం మానేసి, ఏజెంట్లను పెట్టుకుని హుండీల మీద, అంటే రొక్కానికి బదులు చెల్లే కాగితాల మీద, వ్యాపారం నడిపారు. 1284లో షాంపేన్ వారసురాలు జాన్, రాజకుమారుడు ఫిలిప్‌ను పెళ్ళాడింది. మరుసటి ఏడాది అతడు రాజయ్యాడు. అప్పటి నుంచి సంతల మీద పన్నులు పెరిగాయి, ఫ్లాండర్స్‌తో యుద్ధాలు వచ్చాయి, వచ్చేవారికి దారి మీద ఉన్న నమ్మకం సడలింది. వర్తకం పోయాక పాతవి పడగొట్టి కొత్తవి కట్టడానికి ఊరి దగ్గర డబ్బు లేకపోయింది. ఇవాళ నేను తడుముకుంటూ చూసిన ప్రాకారం, గుండ్రటివీ చదరపువీ ముక్కులా పొడుచుకొచ్చినవీ అయిన దాని బురుజులు, చాలావరకు అందుకే మిగిలాయి.

పోకుండా నిలిచిన వ్యాపారం గులాబీది. షాంపేన్ ప్రభువు నాలుగవ తిబో 1240లో క్రూసేడు నుంచి తిరిగి వస్తూ ఎర్ర గులాబీ మొక్కను వెంట తెచ్చాడని ఊరివారు చెప్పుకుంటారు. అది కథే కావచ్చు కానీ, ఆ రేకులను ఎండబెట్టి, తేనెలోనూ పాకంలోనూ వేసి, మందుగా అమ్మి ఇక్కడి ఔషధ వర్తకులు శతాబ్దాల పాటు బతికారన్నది నిజం. ఒక చిన్న సీసా గులాబీ జామ్ కొన్నాను. మూత తీస్తే అమ్మ పెళ్ళిళ్ళలో చల్లే పన్నీరు వాసన వచ్చింది. మోటుపల్లి రాతి మీది పన్నీరు పేరు మళ్ళీ గుర్తుకొచ్చింది.

దిగువ ఊళ్ళో బేకరీ దగ్గర జనం వరసలో ఉన్నారు. ఈ పండుగ రోజుల్లో ఇక్కడ నిఫ్లెట్లు అనే చిన్న చిన్న తీపి బిళ్ళలు చేస్తారు: పొరలు పొరలుగా విడిపోయే పిండి గిన్నెలో గుడ్డు, పాలతో చేసిన మీగడ, అందులో నారింజపూల నీళ్ళ పరిమళం. పేరుకు మూలం లాటిన్‌లో "ఏడవకు" అన్న మాట అని, తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లను ఓదార్చడానికి మొదట చేశారని చెబుతారు. నా ముందున్న పెద్దావిడ రెండు డజన్లు కట్టించుకుని, నా వైపు తిరిగి, వేడిగా ఉండగానే తినాలని, రేపటికి ఉంచకూడదని చెప్పింది. ఆరు కొన్నాను, రైలు కదిలే లోపే రెండు తినేశాను.

ఇంటికి వచ్చాక నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది కానీ, నేను ఏ ఊరు వెళ్ళినా ఫోన్ చేసేదాకా ఆయన పడుకోరు.

"తిన్నావా అమ్మా?" అన్నారు మొదట. తర్వాత ఊరి సంగతులు చెబుతుంటే ఓపిగ్గా విన్నారు. మట్టితో బట్ట ఉతకడం దగ్గర ఆపి రెండుసార్లు చెప్పించుకున్నారు.

"మోటుపల్లి రాయిలో పన్నీరు ఉందా? నాకూ తెలియదే" అని, "ఈ ఆదివారం బండి మీద వెళ్ళి చూసొస్తాలే" అన్నారు.

కాసేపాగి, "ఆ ఊళ్ళో ఇప్పుడు మగ్గాలు ఆడుతున్నాయా?" అని అడిగారు.

"లేవు నాన్నా" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా వీధి చివరి నుంచి ఇటువైపు ఒక్కొక్క ఇంటి పేరే చెప్పుకుంటూ, ఏ ఇంట్లో గుంట మగ్గం ఇంకా ఉందో, ఏ ఇంట్లో పూడ్చి గచ్చు చేశారో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను ఈ డైరీ వెనక పేజీలో ఆయన చెప్పిన వరసలోనే ఆ ఇళ్ళన్నీ రాసుకున్నాను.