క్లెయిర్‌ను బయటి నుంచి చూస్తే

'అవుట్‌ల్యాండర్' నవలకు గ్రాఫిక్ రూపమైన 'ది ఎగ్జైల్'ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, పది పేజీలు దాటకముందే దాన్ని పక్కన పెట్టేశాను. బొమ్మలు నచ్చక కాదు. నవల పొడవునా నా చెవి పక్కనే కూర్చుని మాట్లాడిన క్లెయిర్ గొంతు అందులో ఎక్కడా వినిపించలేదు. చాలాకాలం తర్వాత అదే నవలలోని ఒక సన్నివేశాన్ని నా సరదా కోసం ఒకటి రెండు పేజీల బొమ్మలుగా గీయాలని కూర్చున్నాక గానీ ఆ గొంతును ఎందుకు తీసేశారో, తీసేయడమే ఎందుకు మంచిదైందో నాకు అర్థం కాలేదు.

నవల చదవనివారి కోసం నాలుగు మాటలు. డయానా గాబల్డన్ రాసిన ఈ నవల 1991లో వెలువడింది. రెండో ప్రపంచయుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లెయిర్ 1945లో భర్త ఫ్రాంక్‌తో కలిసి స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌కు వస్తుంది. ఆ ఊరి దగ్గరి నిలువురాళ్ల వలయంలో ఒక రాయిని తాకి 1743లోకి వెళ్లిపడుతుంది. అక్కడ జేమీ ఫ్రేజర్ అనే యువకుడు తారసపడతాడు. ఇంకో రెండేళ్లలో, గద్దె కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్లీ సింహాసనం ఎక్కించడానికి జాకొబైట్ తిరుగుబాటు మొదలవుతుందనీ, 1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో గంట కూడా గడవకముందే అది చితికిపోతుందనీ ఆమెకు తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. ఈ కథంతా ఆమే 'నేను' అంటూ చెబుతుంది.

చిక్కంతా ఆ 'నేను' దగ్గరే ఉంది. వచనంలో 'నేను' అనే మనిషికి ముఖం అక్కర్లేదు. పాఠకుడు ఆమె కళ్లలోంచే లోకాన్ని చూస్తాడు. బొమ్మల కథలో క్లెయిర్‌ను గడిలో (ఒక్కో బొమ్మకు కట్టే చట్రంలో) గీసిన మరుక్షణం మనం ఆమెకు ఎదురుగా నిలబడిపోతాం. ఆ దూరాన్ని దాచడానికి ప్రతి గడి పైనా ఆమె ఆలోచనలను పెట్టెకట్టి రాస్తే, బొమ్మ చూపించినదాన్నే అక్షరాలు మళ్లీ చదివి వినిపిస్తాయి. నేను మొదట అదే చేశాను. ఫలితం బొమ్మల కథలా కాక, బొమ్మలు అతికించిన నవలలా తయారైంది. గాబల్డన్ ఈ పొరపాటు చేయలేదు. నవలలకు ముందే డిస్నీ కామిక్స్‌కు కథలు రాసిన ఆమె 'ది ఎగ్జైల్'కు స్క్రిప్టు కూడా తానే రాసుకుంది. హోయాంగ్ నుయెన్ బొమ్మలతో 2010లో వచ్చిన ఆ పుస్తకంలో కథను జేమీ వైపు నుంచీ, అతని గాడ్‌ఫాదర్ మర్టా వైపు నుంచీ నడిపించింది. ఎలాగూ బయటి నుంచే చూడాలన్నప్పుడు, ఆమెను నిజంగానే బయటి నుంచి చూస్తున్న మనిషి పక్కన పాఠకుణ్ణి నిలబెట్టడం కన్నా తెలివైన మార్గం నాకు తోచదు. అసలు ఈ నవలకు బీజమే ఒక దృశ్యం: 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ ధారావాహిక పాత భాగమొకటి టీవీలో చూస్తున్నప్పుడు, అందులో కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు కట్టుకునే గళ్ల బట్ట) కట్టుకున్న యువకుడు గాబల్డన్ మనసులో నిలిచిపోయాడు.

లెక్క కూడా ఆ నిర్ణయం వైపే మొగ్గుతుంది. నవల సుమారు మూడు లక్షల పదాలు. పేజీకి ఐదు గడులు, గడికి పాతిక పదాలు అనుకుంటే రెండు వందల పేజీల్లో పట్టేది పాతిక వేల పదాలు. పన్నెండింట పదకొండు వంతులు ఎలాగూ పోతాయి. అందుకే 'ది ఎగ్జైల్' నవల మొత్తాన్నీ మోయబోకుండా తొలి భాగపు కథ దగ్గరే ఆగింది.

నేను ఎంచుకున్నది, జేమీ జారిపోయిన భుజాన్ని క్లెయిర్ సరిచేసే సన్నివేశం. చిన్న గుడిసె, పొయ్యి మంట వెలుగు, బలవంతంగా చేతిని లోపలికి నెట్టబోతున్న మగవాళ్లు, వాళ్లను గదమాయించి ఆపే పరాయి స్త్రీ. నవలలో ఇది ఒక నర్సు చేతుల్లోని జ్ఞానం: ఎముకను ముందు ఏ కోణానికి తేవాలో, ఎక్కడ తిప్పితే కీలులోకి జారుతుందో ఆమెకు తెలుసు, ఆమె వెంట ఉన్న మనకూ తెలుస్తుంది. అదే పేజీని జేమీ వైపు నుంచి గీసినప్పుడు ఆ జ్ఞానం మాయమై, నమ్మవచ్చో లేదో తెలియని రెండు చేతులు మాత్రమే మిగిలాయి. మొదటి గడిలో ఆమె వేళ్లు అతని మోచేతిని పట్టుకుంటాయి. రెండో గడిలో అతని దవడ బిగుసుకుంటుంది. మూడో గడిలో ఆమె కళ్లు, అతనివైపు కాక భుజంవైపే చూస్తున్న కళ్లు. ఆ మూడో గడి కుడిచేతి పేజీ చివర పడేలా అమర్చాను, ఎందుకంటే పేజీ తిప్పేలోపు పాఠకుడి చేతిలో కూడా కొంచెం బిగువు ఉండాలి. తిప్పగానే పేజీ వెడల్పున ఒకే గడి, అందులో 'టక్' అనే ఒక్క శబ్దం. ఆ తర్వాతి గడిలో జేమీ ముఖంలో కనిపించాల్సింది ప్రేమ కాదు, నొప్పి పోయిందన్న ఆశ్చర్యం మాత్రమే. అక్కడ తొందరపడి కళ్లలో మెరుపు గీశానంటే ఆ తర్వాతి వంద పేజీల ప్రణయానికి చేయడానికి పనేమీ మిగలదు. దాన్ని మూడుసార్లు చెరిపి గీశాను.

తర్వాత దుస్తుల సమస్య వచ్చింది. క్లెయిర్ వేసుకున్నది 1940ల నాటి పలుచని వేసవి గౌను. 1743 నాటి హైలాండర్ల (స్కాట్లాండ్ కొండప్రాంతపు మనుషుల) కళ్లకు ఆమె లోదుస్తులతో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. నవల ఈ రెండు చూపులనూ రెండు వాక్యాల్లో పక్కపక్కనే పెట్టేయగలదు. బొమ్మలో గౌను ఒక్కటే. దాన్ని గౌనులా గీస్తే నేటి పాఠకుడికి మగవాళ్ల తత్తరపాటు అర్థం కాదు. లోదుస్తులా గీస్తే ఆమె వచ్చిన కాలం పోతుంది. చివరికి గౌను జోలికి పోకుండా చుట్టూ ఉన్నవాళ్ల చూపులను మార్చాను: ఒకడు పొయ్యివైపు తల తిప్పుకుంటాడు, ఇంకొకడు తిప్పుకోడు.

అయితే దృష్టికోణం మారినందుకు చెల్లించాల్సిన మూల్యం చిన్నదేమీ కాదు. నవలలో, ఆమె భవిష్యత్తు నుంచి వచ్చిందన్న రహస్యం క్లెయిర్‌కూ పాఠకుడికీ మధ్య ఉంటుంది. జేమీ వైపు నుంచి చెప్పినప్పుడు ఆ రహస్యం అవతలి గట్టుకు వెళ్లిపోతుంది. నవల చదివినవాడు తెలిసిన ముచ్చటను కొత్త కిటికీలోంచి చూసి మురిసిపోతాడు, చదవనివాడికి ఆమె కేవలం వింతగా ప్రవర్తించే స్త్రీ. నా మట్టుకు 'ది ఎగ్జైల్' నవలకు బదులుగా చదవాల్సిన పుస్తకం కాదు, నవల తర్వాత చదవాల్సిన పుస్తకం.

ముఖాల సంగతి వేరు. టీవీ ధారావాహిక 2014లో గానీ మొదలుకాలేదు కాబట్టి, గ్రాఫిక్ నవల వచ్చేనాటికి జేమీకి అందరూ ఒప్పుకున్న ముఖమంటూ లేదు. పందొమ్మిదేళ్లుగా ప్రతి పాఠకుడూ తనకు నచ్చిన ముఖాన్ని ఊహించుకుని ఉన్నాడు. ఏ చిత్రకారుడు గీసినా అందులో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ తప్పవుతాయి. మరోవైపు, బొమ్మ ఉచితంగా ఇచ్చే వరమూ ఒకటుంది. ఫ్రాంక్‌కూ, అతని పూర్వీకుడైన క్రూర సైన్యాధికారి జాక్ రాండల్‌కూ ఉన్న పోలికను వచనం అప్పుడప్పుడూ గుర్తుచేయాలి, బొమ్మ ప్రతి గడిలోనూ మౌనంగా చెబుతూనే ఉంటుంది. తీరా కథను జేమీ చేతికి అప్పగించాక ఫ్రాంక్ ముఖానికి చోటు కుంచించుకుపోయి ఆ వరం సగం వృథా అవుతుంది.

గీతలు గీసేవాళ్ల ఓపికను అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షించేది టార్టన్, అంటే స్కాట్లాండ్ గళ్ల ఉన్ని బట్ట. ఆ కాలపు హైలాండర్ కట్టు కుట్టిన కిల్ట్ కాదు. కొన్ని గజాల పొడవున్న ఉన్ని బట్టను మడతలు పెట్టి నడుముకు బెల్టు బిగించి, మిగిలినదాన్ని భుజం మీదికి తీసుకునేవారు. కంప్యూటర్‌లో గళ్ల నమూనాను ఒక్క నొక్కుతో నింపితే అది గోడకు అంటించిన కాగితంలా చదునుగా ఉంటుంది. ప్రతి మడత దగ్గరా గీత వంగాలి, విరగాలి, మాయమై మళ్లీ తేలాలి. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల నమూనా అన్న పద్ధతి ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. కలోడెన్ యుద్ధాన్ని డేవిడ్ మోరియర్ చిత్రించిన తైలవర్ణచిత్రంలో హైలాండర్లు రకరకాల గళ్ల బట్టల్లో, ఒకే మనిషి ఒంటి మీదే వేర్వేరు నమూనాలతో కనిపిస్తారు. అందుచేత ఒక వంశం వాళ్లందరికీ ఒకే నమూనా వేసి పని తేలిక చేసుకునే వీలు కూడా చరిత్ర ఇవ్వదు.

నా పేజీల్లో చివరి మాటల బుడగ ఇంకా ఖాళీగానే ఉంది. భుజం కుదిరాక జేమీ క్లెయిర్‌కు కృతజ్ఞత చెప్పాలి. ఇంగ్లిషులో అందరికీ ఒకే సర్వనామం సరిపోతుంది కాబట్టి మూల రచయిత్రికి ఈ బాధ లేదు. తెలుగులో రాస్తున్న నేను, గంట క్రితం కనిపించిన స్త్రీని అతను 'మీరు' అనాలో 'నువ్వు' అనాలో తేల్చుకోవాలి. ప్రస్తుతానికి 'మీరు' అనే రాసి పెన్సిల్‌తో సున్నా చుట్టాను. వాళ్ల పెళ్లి సన్నివేశం గీసే రోజు ఎప్పుడైనా వస్తే 'నువ్వు' అన్న మాట అక్కడ మొదటిసారి పడాలని నా కోరిక.