డాఫ్‌లో ‘సింఫనీలు వినడం’ అని రాసినందుకు

ఫ్రెండ్స్, కరెంట్ అఫైర్స్, జిల్లా ప్రొఫైల్ గురించి మిగతావాళ్లు చాలానే చెప్పారు, నేను వాటి జోలికి పోను. డాఫ్‌లో, అంటే సివిల్స్ ఇంటర్వ్యూకి ముందు మన వివరాలు నింపే దరఖాస్తులో, హాబీల గడి ఒక్కటే నన్ను ఎంత తిప్పలు పెట్టిందో చెప్తా.

ఆ గడిలో “పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ముఖ్యంగా సింఫనీలు వినడం” అని రాశా. అబద్ధమేం కాదు, బీటెక్‌లో రూమ్మేట్ అంటించిన అలవాటు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక మాత్రం గుండె జారింది. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం (ఆర్కెస్ట్రా) వాయించే రచన, బృందం ముందు నిలబడి చేతి పుల్లతో నడిపించేవాడు కండక్టర్. మనవాళ్లలో ప్రపంచస్థాయి కండక్టర్ అంటే జుబిన్ మెహతా కాబట్టి, ఆయన మీద నోట్స్ మొదలుపెట్టా. అన్నీ తేదీలే. 1936లో బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టుక, 1962 నుంచి 1978 దాకా లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా, తర్వాత 1991 వరకు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్, 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్. పాలిటీ ఆర్టికల్స్ లాగే బట్టీ కొట్టేశా.

హైదరాబాద్‌లో ఒక మాక్‌కి, అంటే నమూనా ఇంటర్వ్యూకి, వెళ్తే, ప్యానెల్‌లో ఉన్న రిటైర్డ్ ఆఫీసర్ గారు ఇదంతా ఓపిగ్గా విన్నారు. విని, “బాబూ, అంతమంది వాయిస్తుంటే ఆయనొక్కడే ఏమీ వాయించడు కదా, మరి జీతం దేనికిస్తున్నట్టు?” అన్నారు. నోరు పెగల్లేదు. పక్కాయన నా డాఫ్ చూసి, “మీ నాన్నగారూ కండక్టరే కదా, ఆర్టీసీలో. ఆయన టికెట్లన్నా కొడతారు” అని నవ్వారు. మనసు చివుక్కుమంది. కానీ ప్రశ్నలో తప్పేముంది?

ఆ రాత్రి రూముకొచ్చి బీతోవెన్ ఐదో సింఫనీ స్కోరు (స్వరాలు రాసిన కాగితాలు) దింపుకున్నా. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఉచితంగానే దొరుకుతుంది. నాకు ఆ లిపి సరిగ్గా చదవడం రాదు. వేలు పెట్టుకుని, వింటూ, మొదటి పేజీ ఒక్కటే ఓ ఇరవైసార్లు చూసుంటా. మొదలవడమే ఆ మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం, అందరికీ తెలిసినదే. కానీ కాగితం మీద మొట్టమొదట ఉన్నది స్వరం కాదు, విరామం! అర దెబ్బ నిశ్శబ్దం పోయాకే వయొలిన్లూ క్లారినెట్లూ అందుకోవాలి. మన కచేరీ భాషలో చెప్పాలంటే అనాగతం, అంటే తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడం. మన గాయకుడైతే తొడ మీద తాళం వేసుకుంటూ ఎత్తుకుంటాడు, మృదంగం ఆయన చెయ్యి చూస్తూ కలుస్తుంది. ఇక్కడ పదులమంది ఒకేసారి పడాలి, పైగా ముందు ఏ చప్పుడూ లేదు. కాబట్టి కండక్టర్ పుల్ల పైకి లేచి కిందికి దిగే ఆ ఒక్క ఊపులోనే వేగమెంతో, ఎంత గట్టిగానో వాళ్లకి తెలిసిపోవాలి. చప్పుడు పుట్టకముందే ఆయన పని మొదలైందన్నమాట. జీతం దీనికి.

ఇది పట్టుబడ్డాక మెహతా జీవితం మళ్లీ చదివితే వేరే మనిషి కనిపించాడు. తండ్రి మెహ్లీ మెహతా 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిన వయొలిన్ విద్వాంసుడు. కొడుకు డాక్టర్ చదువు మధ్యలో వదిలేసి 1954లో, పద్దెనిమిదేళ్లకి, వియన్నా వెళ్లి కండక్టింగ్ నేర్పే హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చేరాడు. వయొలిన్ అయితే ఇంట్లో తలుపేసుకుని సాధన చేసుకోవచ్చు, కండక్టర్‌కి ఆ వీల్లేదు, ఆయన వాద్యం మనుషులే. అందుకే మెహతా, సహాధ్యాయి క్లాడియో అబ్బాడో కలిసి బృందగానంలో చేరిపోయారు, పెద్ద కండక్టర్లు రిహార్సల్ ఎలా చేయిస్తారో ఎదురుగా నిలబడి చూడొచ్చని! 1958లో లివర్‌పూల్ కండక్టర్ల పోటీ గెలిచాక వచ్చింది కూడా అక్కడ ఏడాదిపాటు అసిస్టెంట్ పనే. నా మొదటి నోట్స్‌లో ఈ భాగం ఒక్క లైను కూడా లేదు.

వివాదాలు కూడా చూసుకోండి. 2013 సెప్టెంబరులో శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో, జర్మనీ ఎంబసీ ఏర్పాటు చేసిన ఆయన కచేరీకి వ్యతిరేకంగా వేర్పాటువాదులు బంద్‌కి పిలుపిచ్చారు. ఇలాంటిది బోర్డుకి ఇష్టమైన సరుకు. నన్ను మాత్రం అడగలేదు.

అసలు ఇంటర్వ్యూ రోజు, ఢిల్లీలో యూపీఎస్సీ ఆఫీసైన ధోల్‌పూర్ హౌస్‌లో, బోర్డులోని ఒక మేడమ్ అడిగింది ఇది: “కండక్టర్ లేకుండా ఆర్కెస్ట్రా నడవదా?”

“నడుస్తుంది మేడమ్. మాస్కోలో 1922లో పెర్సింఫాన్స్ అని మొదలై పదేళ్లు నడిచింది. ఒకరికొకరు కనబడేలా గుండ్రంగా కూర్చునేవాళ్లు. న్యూయార్క్‌లో ఆర్ఫియస్ 1972 నుంచీ ఉంది. కాకపోతే ఒకరు తేల్చేసే విషయాలు అందరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి, రిహార్సల్స్ ఎక్కువ పడతాయి.”

“మరి ఆయనుంటే ఎలా మొదలుపెడతాడు?” అన్నారు. అనుమతి అడిగి, చెయ్యి పైకెత్తి ఐదో సింఫనీ మొదటి ఊపు చూపించా. అర క్షణం గదిలో ఎవరూ ఏమీ అనలేదు. మేడమ్ చిన్నగా తలూపారు. చైర్మన్ గారు పేజీ తిప్పి, గుంటూరు మిర్చి యార్డులో ఈ ఏడు ధర ఎందుకు పడిందని అడిగారు.