బావ, నేను, ఫ్రాన్స్‌లో సైకిళ్లు

బోన్ నుంచి సాంతెనే దాకా ద్రాక్షతోటల మధ్య 22 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, మాకేం తొందర లేదు కదా, ఊరూరా ఆగుతూ పొద్దంతా తొక్కేం. పొమ్మార్‌లో రెడ్ వైన్, నాలుగైదు కిలోమీటర్లెళ్తే మెర్సోలో వైట్, అక్కడ పీనో నువార్ ద్రాక్ష, ఇక్కడ షార్డనే. రుచి చూసి ఉమ్మేయడానికి బకెట్ పెడతారు గానీ మా శ్రీకాకుళం బావ ఒక్క చుక్క ఉమ్మితే ఒట్టు! భోజనంలో రెడ్ వైన్ సాస్‌లో ఉడికించిన కోడిగుడ్లు. నాకు భలే నచ్చేయి, బావేమో "ఇదేటే, గుడ్ల పులుసులో చింతపండు మర్చిపోనారా?" అన్నాడు. మా తాటికల్లు పొద్దున్న దింపితే సాయంత్రానికే పులిసిపోద్ది, వీళ్లేమో సీసాలు ఏళ్లకేళ్లు దాస్తారు. దారిలో వోల్నే అనే ఊరి ఎత్తు దగ్గర బావ సైకిల్ దిగి తోసుకునే వచ్చేడు.