కింద 150, నడుమ 180, పైన కోసిన 150 హెడ్డు: పల్సర్ హైబ్రిడ్ ఇంజన్ కట్టిన అనుభవం

పల్సర్ 150 బైకు క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) మీద పల్సర్ 180 బ్లాకు (సిలిండరు) ఎక్కించడం విజయనగరం, శ్రీకాకుళం మెకానిక్ షెడ్లలో కొత్త పనేం కాదు. ఎక్కించాక ఆ ఇంజన్ ఎన్నాళ్లు బతుకుతుందన్నది మాత్రం ఎక్కువగా హెడ్డు (సిలిండరు మీద కూర్చునే మూత) దగ్గరే తేలిపోతుంది. 150 హెడ్డు ఉంచాలా, 180 హెడ్డు వెయ్యాలా అని అడిగితే చాలామంది పేరు చూసి చెబుతారు. నేను హెడ్డు లోపలి ఖాళీని సీసీల్లో కొలిచి తేల్చుకున్నాను. ఆ కొలతలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

ముందు మీ 150 ఏ రకమో చూసుకోండి. పాత డీటీఎస్ఐ (రెండు ప్లగ్గుల) 150 బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 57 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 56.4, అంటే 143.9 సీసీ. తర్వాత 58 బోరుతో 149.01 సీసీ వచ్చింది, దాని స్ట్రోకూ 56.4యే. పాత 180 బోరు 63.5, స్ట్రోక్ 56.4, అంటే 178.6 సీసీ. స్ట్రోక్ ఒకటే కాబట్టే ఈ కలయిక కుదురుతుంది. 149.5 సీసీ అని రాసి ఉన్న కొత్త 150 జోలికి మాత్రం వెళ్లొద్దు. దాని బోరు 56, స్ట్రోక్ 60.7. మిగతావన్నీ ఒకటే అనుకున్నా, 180 పిస్టన్ పైకి వచ్చేసరికి 2.15 మి.మీ. ఎక్కువ లేచి హెడ్డుకి కొడుతుంది. నేను తీసుకున్నది 57 బోరు ఇంజన్.

సామాన్లలో 180 బ్లాకు, దాని పిస్టన్, రింగులు, పిన్ను, లాకులు, 180 హెడ్ ప్యాకింగు (గాస్కెట్), బ్లాకు కింద వేసే బేస్ ప్యాకింగు, కొత్త టైమింగ్ చైను, గైడు, వాల్వ్ సీళ్లు కావాలి. రెండు హెడ్లూ బల్ల మీద ఉండాలి. సెకండ్ హ్యాండ్ బ్లాకులు గాజువాక ఆటోనగర్‌లో దొరుకుతాయి. బోరు కొలిపించకుండా కొనకండి. ఓవర్‌సైజ్ చేసిన బ్లాకుని బయట నుంచి గుర్తుపట్టలేం.

సామాన్లు చేతికొచ్చాక ముందుగా చూడాల్సింది స్టడ్ల (బ్లాకునీ హెడ్డునీ పట్టి ఉంచే పొడుగు బోల్టుల) దూరం, చైను గది, ఆయిల్ కన్నం. 180 ప్యాకింగుని ముందు బ్లాకు మీద, తర్వాత రెండు హెడ్ల మీద పరిచి చూడాలి. ఏ కన్నమూ మూసుకుపోకూడదు. ప్యాకింగులో సిలిండర్ చుట్టూ ఉండే ఇనుప రింగు మొత్తం హెడ్డు చదును మీదే కూర్చోవాలి. మోడలుకీ మోడలుకీ పోత మారుతుంది. స్టడ్ల దూరం కలవకపోతే కన్నాలు సాగదీసి పట్టించొద్దు, ఆ జోడీ వదిలేయడమే మేలు. సాగదీసిన కన్నంలో స్టడ్డు ఒక పక్కకి ఒరుగుతుంది, ప్యాకింగు అక్కడే కాలుతుంది. నేను ఏరుకున్న జోడీలో అన్నీ కలిశాయి.

తర్వాత క్రాంక్‌కేస్ నోరు. 63.5 బోరు స్లీవ్ (బ్లాకు లోపలి గొట్టం) కింది భాగం 57 కోసం చేసిన నోటిలో దిగలేదు. స్లీవ్ బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి, దానికి 0.3 మి.మీ. కలిపి నోరు పెద్దది చేయించాను. ఇంజన్ పూర్తిగా విప్పి, క్రాంకు, గేర్లు, బేరింగులు బయటికి తీశాక, రెండు కేసులనూ బోల్టులతో బిగించి ఒకటిగా చేసి లేత్ మీదకి ఎక్కించాలి. విడివిడిగా కోస్తే జాయింటు దగ్గర మెట్టు వస్తుంది. కోతకి ముందు స్టడ్ కన్నానికీ కొత్త అంచుకీ మధ్య ఎంత లోహం మిగులుతుందో గీసి చూడండి. 3 మి.మీ. కంటే తగ్గితే ఆపేయండి. క్రాంకు లోపలే ఉంచి గ్రైండరుతో నోరు అరగదీసే పద్ధతి కూడా ఉంది. అది నాకు అస్సలు ఒప్పుదల కాదు. గుడ్డలు ఎన్ని కుక్కినా అల్యూమినియం పొడి బిగ్ ఎండ్ బేరింగులోకి (కనెక్టింగ్ రాడ్ కింది చివరి బేరింగు) చేరి తీరుతుంది.

పిస్టన్ దగ్గర రెండు సంగతులు. ఒకటి, గజం పిన్ను వ్యాసం కనెక్టింగ్ రాడ్ చిన్న కన్నానికి సరిపోతుందో లేదో కొలవాలి. తేడా ఉంటే 180 రాడ్డు వేసి క్రాంకు మళ్లీ ప్రెస్ చేయించి, అలైన్‌మెంట్ చూపించుకోవాలి. రెండోది బరువు. పాత పిస్టన్, రింగులు, పిన్ను, లాకులు కలిపి ఒకసారి, కొత్తవి కలిపి ఒకసారి బంగారు కొట్టు తక్కెడ మీద తూయించండి. క్రాంకు బ్యాలెన్సు పాత బరువుకి చేసింది. పెద్ద పిస్టన్ బరువెక్కువ కాబట్టి పై ఆర్‌పీఎంలో హ్యాండిల్‌కీ ఫుట్‌రెస్టుకీ అదురు వస్తుంది. తేడా తగ్గాలంటే పిస్టన్ లోపలి అంచుల్లో కొంత లోహం తీయించవచ్చు గానీ, పిన్ను బాసుల (పిన్ను కూర్చునే దిమ్మెల) జోలికీ రింగుల గాడుల వెనక్కీ వెళ్లకూడదు. మిగిలిన అదురుని ఒప్పుకుని, 8,500 దాటించకుండా నడపడమే దారి.

బోరుకీ పిస్టన్‌కీ మధ్య గ్యాపు 0.04 మి.మీ. పెట్టించాను. గాలితో చల్లబడే ఇంజన్ ఇది. అంతకంటే బిగువుగా ఉంటే మే నెల ఎండలో సీజ్ అవుతుంది. రింగు చివరల గ్యాపు 0.25. రింగుని బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా కిందికి తోసి, ఫీలర్ గేజ్‌తో చూడాలి.

ఇక హెడ్డు. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, అరచేయంత దళసరి ప్లాస్టిక్ పలక, కొంచెం గ్రీజు, కిరసనాయిలు ఉంటే చాలు. పలకకి ఒక మూల చిన్న కన్నం చేయాలి. హెడ్డుకి వాల్వులు, రెండు ప్లగ్గులూ బిగించి, తలకిందులుగా సమంగా ఉంచి, అంచుకి గ్రీజు రాసి పలక అతికించి, కన్నంలోంచి కిరసనాయిలు నింపాలి. గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. ఎన్ని మి.లీ. పట్టిందో అదే ఛాంబరు (మంట మండే గది) కొలత. నా 150 హెడ్డు 14.4 సీసీ, 180 హెడ్డు 18.1 సీసీ వచ్చాయి.

మిగతావి లెక్కే. 63.5 బోరుకి ప్రతి 0.1 మి.మీ. ఎత్తు 0.317 సీసీ. బిగించాక 0.5 మి.మీ. ఉండే ప్యాకింగు, దాని కన్నం 64.5 కాబట్టి, 1.6 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక బ్లాకు అంచుకంటే 0.3 మి.మీ. కిందే ఆగింది, అది 0.95. పిస్టన్ తల మీద వాల్వ్ గుంటలు 0.4. వాటిని కొలవాలంటే పిస్టన్‌ని అంచు నుంచి సరిగ్గా 5 మి.మీ. దించి, పలక పెట్టి నింపండి. చదును తల అయితే 15.8 సీసీ పట్టాలి. పైన ఎంత ఎక్కువ పడితే అంత గుంటలది.

ఇప్పుడు 150 హెడ్డుని ఉన్నదున్నట్టు వేస్తే మొత్తం 17.35 సీసీ. 178.6ని దానితో భాగించి ఒకటి కలిపితే కంప్రెషన్ (లోపలి గాలి ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందన్న లెక్క) 11.3. గాలి చల్లార్పు, కార్బరేటరు, బంకు పెట్రోలు మీద నడిచే పాత ఇంజనుకి ఇది ఎక్కువ. ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజన్ కొట్టుకుంటుంది (నాకింగ్), పిస్టన్ అంచు కరుగుతుంది. “180 కట్టించాం, పికప్ అదిరింది, మూడు నెలలకే పొగ” అని చెప్పే బళ్లలో చాలావాటి సంగతి ఇదే. 180 హెడ్డు వేస్తే మొత్తం 21.05, కంప్రెషన్ 9.5. ఇది కంపెనీ లెక్కకి సరిపోతుంది.

తిరగేసి 180 హెడ్డుని 150 బ్లాకు మీద పెడతామనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు కంప్రెషన్ 8 లోపుకి పడిపోతుంది. పైగా ఛాంబరు అంచు 57 బోరు దాటి బయటికి వచ్చి, ప్యాకింగు అంచు నేరుగా మంటకి తగులుతుంది. పెద్ద వాల్వు స్లీవ్ అంచుకి తగిలే ప్రమాదం కూడా ఉంది. ఆ జోడీ వల్ల లాభం ఏమీ లేదు.

9.5 వచ్చినా నేను 180 హెడ్డు వేయలేదు. ఈ బండి ఇద్దరు మనుషులతో, సామానుతో, తక్కువ ఆర్‌పీఎంలో లాగాలి. 150 హెడ్డు పోర్టులు చిన్నవి. గాలి వేగంగా వెళ్తుంది, 3,000 నుంచి 5,000 దాకా లాగుడు బాగుంటుంది. పై చివర కొంత పవర్ పోతుంది, అది నాకు అక్కర్లేదు. మీరు హైవే మీద టాప్ స్పీడ్ చూసుకునేవాళ్లయితే 180 హెడ్డు, 180 కార్బరేటరే వేయండి.

150 హెడ్డుని వాడాలంటే ఛాంబరు పెంచాలి. 57 అంచు నుంచి 63.5 దాకా లేత్ మీద ఏటవాలుగా తీయించి, లోపలి గోపురంలో కలిసిపోయేలా చేయించాను. పదునైన అంచు ఎక్కడా మిగలకుండా ఎమరీ కాగితంతో రుద్దాలి. పదును మిగిలితే అక్కడే ఎర్రగా కాగి, ప్లగ్గు వెలిగించకముందే మంట పుడుతుంది. ప్లగ్గుల చుట్టూ, వాల్వు సీట్ల పక్కన లోతుకి వెళ్లకూడదు. కోత తర్వాత మళ్లీ కొలిస్తే 2 సీసీ పెరిగింది. ఇంకా కావాల్సిన దానికి బేస్ ప్యాకింగు 0.35 మి.మీ. దళసరి పెంచాను, అది 1.1 సీసీ. మొత్తం 20.45, కంప్రెషన్ 9.7.

మొత్తం తేడాని బేస్ పలకతోనే సర్దేస్తామంటే ఇంకో చిక్కు. బ్లాకు పైకి లేస్తే కామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) ముందుకి జరుగుతుంది. పావు అంగుళం చైను, 32 పళ్ల కామ్ స్ప్రాకెట్టు అనుకుంటే చుట్టుకొలత 203 మి.మీ. ఒక మి.మీ. లేపితే కామ్ మీద 1.8 డిగ్రీలు, క్రాంకు మీద 3.5. నాది 0.35 కాబట్టి డిగ్రీ పైచిలుకే, పట్టించుకోనక్కర్లేదు. ఒక మి.మీ. దాటితే స్ప్రాకెట్టు బోల్టు కన్నాలు సాగదీసి టైమింగ్ సరిచేయాల్సిందే.

బిగించేముందు క్లే పరీక్ష. పిల్లలు ఆడుకునే క్లేని పిస్టన్ గుంటల్లో అతికించి, పాత ప్యాకింగుతో హెడ్డు బిగించి, టైమింగ్ పెట్టి, క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పాలి. విప్పి క్లేని కోసి దళసరి చూడాలి. ఇన్‌లెట్ దగ్గర 1 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 1.5 కంటే తక్కువ ఉండకూడదు. 150 వాల్వుల మధ్య దూరం, 180 పిస్టన్ గుంటల మధ్య దూరం ఒకటి కాకపోవచ్చు. అందుకే వాల్వు ముద్ర గుంట మధ్యలో పడిందా అని కూడా చూడాలి. “హెడ్డు పట్టేసింది కదా, ఇంకేటి సూడాలి” అనే మేస్త్రి చేత కూడా ఈ ఒక్కటీ చేయించండి.

హెడ్డు నట్లు అడ్డదిడ్డంగా కాకుండా ఎదురెదురుగా, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించాలి. ట్యాపెట్ల గ్యాపు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మి.మీ. ప్లగ్గులు పెట్టకుండా సెల్ఫ్ తిప్పి, రాకర్ల (వాల్వులను నొక్కే చేతుల) దగ్గరికి ఆయిల్ వచ్చిందని కళ్లతో చూశాకే స్టార్ట్ చేయాలి. ప్యాకింగు తేడాతో ఆయిల్ దారి మూసుకుపోతే కామ్ నిమిషాల్లో అరిగిపోతుంది.

150 కార్బరేటరే ఉంచి మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే కన్నం) రెండు సైజులు పెంచాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, దాంట్లో ఆక్సిజన్ ఉండడం వల్ల పాత జెట్టుతో ఇంజన్ ఇంకా పొడిగా (పెట్రోలు చాలక) మండుతుంది. క్లచ్ స్ప్రింగులు కొత్తవి వేయాలి. పాతవి 180 లాగుడికి జారతాయి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఇంజన్ నంబరు క్రాంకుకేసుదే కాబట్టి మారదు, సీసీ మాత్రం ఆర్సీలో రాసినదానికి తేడా వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పు కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా చేయకూడదనే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇది అడ్డం వస్తుంది. రోజూ తిప్పే బండికి చేయించుకునేవాళ్లు ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.

మొదటిసారి స్టార్ట్ చేశాక వేడెక్కే దాకా ఉంచి, ఆపి, రాత్రంతా చల్లారనిచ్చి నట్లు మళ్లీ టార్క్‌కి చూశాను. మొదటి 500 కిలోమీటర్లు నెల్లిమర్ల, రామతీర్థం వైపు, 5,000 దాటకుండా, ఒకే వేగం మీద ఉంచకుండా నడపాలి. తర్వాతే శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాటీ. నాలుగో గేరులో తక్కువ ఆర్‌పీఎం మీద థ్రాటిల్ తెరిచి ట్యాంకు పక్క నుంచి చెవి పెట్టి వినాలి. టిక్ టిక్‌మని గట్టి చప్పుడు వస్తే థ్రాటిల్ వెంటనే వదిలేయాలి. జెట్టు ఇంకో సైజు పెంచాలి, అప్పటికీ వస్తే బేస్ ప్యాకింగు ఇంకో 0.2 లేపాలి. ఎత్తులో లాగుతుండగానే ఇంజన్ ఆపి, క్లచ్ పట్టి పక్కకి తీసి, ప్లగ్గు విప్పి చూస్తే లేత ఇటుక రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసిగా ఉంటే ఎక్కువైంది. రెండు ప్లగ్గులూ విప్పి చూడాలి. కోసిన హెడ్డులో ఒకటి తెల్లగా, ఒకటి సరిగా ఉంటే, తెల్లగా ఉన్న వైపు ఛాంబరు అంచు ఇంకా పదునుగా మిగిలిందేమో చూడాలి.