కత్తిరించిన మూల
నిన్న జగదాంబ కూడలి దగ్గర ఫ్రేములు కట్టే దుకాణంలో పాత సినిమా పోస్టరు ఒకటి కొన్నాను. కథానాయిక చీర మడతల్లో కుంచె గీతలు ఇంకా తెలుస్తున్నాయి. ఇంటికొచ్చి చూస్తే కింది మూల కత్తిరించి ఉంది. చిత్రకారుడి సంతకం ఉండాల్సిన చోటు! సినిమా పోస్టర్ల చిత్రకారుడు ఈశ్వర్ లాంటి వారి పేరైతే నలుగురికీ తెలుసు. మిగతావారి సంగతి?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి బొమ్మ వేయించుకున్నవారే తొలి హక్కుదారులు. అయినా ‘ఇది నేను వేసిందే’ అని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ చిత్రకారుడికే ఉంచింది. నా పోస్టరులో ఆ కాస్తా కత్తెర పాలైంది.

నలభై రూపాయలు తగ్గించానని దారంతా మురిసిపోయాను. ఇప్పుడు గోడకు తగిలించాలంటే మొహమాటంగా ఉంది.