సాపేక్ష వేగం: ఏది కదులుతోంది, ఎక్కడి నుంచి చూస్తున్నాం?

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో సాపేక్ష వేగం లెక్కలు తప్పడానికి త్రికోణమితి రాకపోవడం కారణం కాదని, ఏ వేగాన్ని దేనికి సాపేక్షంగా ఇచ్చారో ముందుగా రాసుకోకపోవడమే అసలు కారణమని నా నమ్మకం. అందుకే సూత్రం వెతకడానికి ముందే ప్రతి వేగానికీ రెండక్షరాల గుర్తు పెట్టుకోవాలంటాను. మొదటి అక్షరం కదిలే వస్తువుది, రెండోది ఎక్కడి నుంచి చూస్తున్నామో దానిది. పడవ, నీరు, గట్టు అనే మూడింటికీ ప, న, గ అని పేర్లు పెడితే, వేగం(పగ) = వేగం(పన) + వేగం(నగ) అవుతుంది. కుడివైపు పక్కపక్కనే ఉన్న రెండు ‘న’లు తొలగి ప, గ మిగిలితే సమీకరణం సరిగా ఉన్నట్టే. అక్షరాల వరుస తిరగేస్తే వేగ సదిశ (పరిమాణం, దిశ రెండూ ఉండి, బాణంగా గీసే రాశి) దిశ కూడా తిరగబడుతుంది.

400 మీటర్ల వెడల్పున్న నదిలో ప్రవాహ వేగం సెకనుకు 3 మీటర్లు, నిలకడ నీటిలో పడవ వేగం 5 మీటర్లు అనుకుందాం. తొందరగా దాటాలంటే పడవ ముక్కును ఆవలి గట్టుకు లంబంగా పెట్టాలి. 80 సెకన్లలో దాటుతుంది కానీ 240 మీటర్లు దిగువకు కొట్టుకుపోతుంది. సరిగ్గా ఎదుటి బిందువుకే చేరాలంటే మాత్రం లంబంగా ఉండవలసింది వేగం(పగ), పడవ ముక్కు కాదు. కాబట్టి ముక్కును లంబ దిశ నుంచి ఎగువ వైపు, సైన్ విలువ 3/5 అయ్యే కోణంలో, అంటే సుమారు 37 డిగ్రీలు వంచాలి. అప్పుడు ఫలిత వేగం 4 మీటర్లు, కాలం 100 సెకన్లు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావన్న సంగతి బొమ్మ గీస్తేనే స్పష్టమవుతుంది.

బొమ్మ విలువ పూర్తిగా తెలిసేది ప్రవాహం పడవను మించినప్పుడు. ప్రవాహం 5, పడవ 3 అయితే సైన్ విలువ 5/3 కావాలి, అది అసాధ్యం. ఎదుటి బిందువుకు చేరలేం. మరి అతి తక్కువగా కొట్టుకుపోవాలంటే ఏం చేయాలి? ప్రవాహ సదిశను గీసి, దాని కొన కేంద్రంగా 3 వ్యాసార్ధంతో వృత్తం గీయండి. పడవ ముక్కు ఎటు తిప్పినా ఫలిత సదిశ కొన ఆ వృత్తం మీదే ఉంటుంది. ప్రవాహ సదిశ మొదలు నుంచి వృత్తానికి గీసిన స్పర్శరేఖే గట్టుతో అత్యధిక కోణం చేసే ఫలిత దిశ. స్పర్శరేఖ వ్యాసార్ధానికి లంబం కనుక 3, 4, 5 త్రిభుజం మళ్లీ ఏర్పడుతుంది. పడవ కొట్టుకుపోయే దూరం నది వెడల్పుకు 4/3 రెట్లు. అవకలనంతోనూ ఇదే జవాబు వస్తుంది, కానీ ఎందుకు వచ్చిందో అంత సూటిగా కనిపించదు.

వాన లెక్కలోనూ పద్ధతి ఇదే. నిట్టనిలువుగా సెకనుకు 12 మీటర్ల వేగంతో పడే చినుకు, 5 మీటర్ల వేగంతో పరిగెత్తే మనిషికి 13 మీటర్ల వేగంతో ముందువైపు నుంచి ఏటవాలుగా వస్తున్నట్టు ఉంటుంది. గొడుగును నిలువు నుంచి సుమారు 23 డిగ్రీలు ముందుకు వంచాలి. చినుకు స్థానంలో నక్షత్ర కాంతిని, మనిషి స్థానంలో సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుని చుట్టూ తిరిగే భూమిని ఉంచితే, టెలిస్కోపును దాదాపు 20 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) వంచాలని తేలుతుంది. 18వ శతాబ్దంలో ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ బ్రాడ్లీ నక్షత్రాల స్థానాల్లో కనిపెట్టిన వార్షిక మార్పు ఇదే.